సబు రైజువా: తాటిచెట్టు పోషించే జిల్లా
ఇండోనేసియాలో సబు రైజువా జిల్లా ఎక్కడుంది, అక్కడివాళ్లు ఎలా బతుకుతారు అని అడిగారు.

తూర్పు నుసా తెంగారా రాష్ట్రంలో, సుంబా, రోటే దీవుల మధ్య ఉంటుంది. సబు, రైజువా దీవుల్లో జనం ఉంటారు, దానా దీవిలో ఎవరూ ఉండరు. విస్తీర్ణం సుమారు 460 చదరపు కిలోమీటర్లు. 2008లో కుపాంగ్ జిల్లా నుంచి విడదీశారు. మన మండలాల్లాంటివి ఆరు. జిల్లాను నడిపే బుపాతిని జనమే ఓటేసి ఎన్నుకుంటారు.

అసలు తెలుసుకోవాల్సింది తాటిచెట్టు గురించి. అవును, మన తాటిచెట్టే! వానలు కొద్ది నెలలే. ఎండాకాలంలో మగవాళ్లు పొద్దున, సాయంత్రం చెట్టెక్కి, గెల చివర కోసి, తాటాకుతో అల్లిన బుట్టలోకి నీరా పడతారు. దాన్ని కాచి పాకం చేసి దాచుకుంటారు. పంట లేని నెలల్లో తరతరాలుగా ఆదుకున్న తిండి అదే. ఇంత ఎండిన నేల మీద ఇన్ని తరాలు నిలబడ్డారంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

ఆడవాళ్లు నేసే ఇకత్ చీరగుడ్డల్లో నమూనా చూసి తల్లి వంశం ఏదో చెప్పేస్తారు. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. జింగి తియు అనే పాత ఆచారం పాటించేవాళ్లూ ఉన్నారు. ఎదురుపడితే ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకుంటారు.