టెస్టుల మీద టెస్టులు రాస్తున్నారు, జబ్బేంటో తేలడం లేదు. ఈ గాబరాని మీరెలా తట్టుకున్నారు?

మీ ప్రశ్న చదివాను. విజయనగరంలో ఉంటున్నారు. మూణ్ణెల్లుగా చేతులకీ కాళ్లకీ తిమ్మిర్లు, ఉన్నట్టుండి గుండె దడ, తల తేలిపోవడం. రక్త పరీక్షలు, ఈసీజీ బాగానే ఉన్నాయన్నారు, ఇప్పుడు విశాఖ వెళ్లి ఎమ్మారై తీయించుకు రమ్మన్నారు. లక్షణాల కంటే ఈ ఎదురుచూపుకే నిద్ర కరువైందని రాశారు.

నేను డాక్టర్ని కాదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసుకునేవాణ్ణి. కొన్నేళ్ల కిందట ఇంచుమించు ఇవే లక్షణాలతో ఇదే దారిలో నడిచాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కాబట్టి నా భయం ముందు కిడ్నీల మీదికి పోయింది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు మా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పక్క ఎన్ని ఇళ్లలో ఉందో మీరు వినే ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చింది కూడా అందుకే. మా దగ్గర ఎవరైనా నీరసంగా ఉందంటే జ్వరమా అని అడగరు. "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అంటారు, అంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే రక్త పరీక్ష. అలాంటి ఊళ్లో నా మొదటి రిపోర్టులో క్రియాటినిన్ 1.3 అని పడి, పక్కన హై అని గుర్తు ఉంటే ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా అమ్మ "ఓలమ్మో, ఏటయిపోనాదిరా" అని గుమ్మంలోనే కూలబడిపోయింది.

డాక్టరు గారు కాగితం చూసి అడిగిన మొదటి మాట, "నిన్న రాత్రి ఏం తిన్నావు?" వేటమాంసం. నీళ్లెన్ని తాగావు? ఎండల్లో తిరిగి, తక్కువే. వీటివల్ల కూడా ఆ అంకె కాస్త పైకి పోతుందట. కిడ్నీ జబ్బు అని పేరు పెట్టాలంటే తేడా మూడు నెలలకి మించి నిలబడాలి, మూత్రంలో ప్రొటీన్ కూడా చూడాలి, ఒక్క కాగితంతో తేలదు అన్నారు. కొన్నాళ్లాగి మళ్లీ చేయిస్తే హద్దులోకి వచ్చింది, మూత్రంలోనూ ఏమీ లేదు.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పారు. చాలా పరీక్షలకి నార్మల్ అనే హద్దు ఎలా పెడతారంటే, ఆరోగ్యంగా ఉన్న వందమందిని తీసుకుని, మధ్యలో పడిన 95 మంది అంకెల్ని హద్దుగా రాసుకుంటారు. అంటే ఏ రోగమూ లేని వందమందిలో ఐదుగురికి ఎలాగూ హై అనో లో అనో పడుతుంది. ఒకేసారి ఇరవై పరీక్షలు చేయించుకుంటే, ఒళ్లు శుభ్రంగా ఉన్నా ఏదో ఒకటి హద్దు దాటే అవకాశమే ఎక్కువ. అందుకే భయం తీరడానికి మనంతట మనమే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకోవడం నాకు నచ్చదు. అందులో దొరికేది తరచూ ఇంకో కొత్త భయం.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక అలవాటు. కొత్త పరీక్ష రాసినప్పుడల్లా కుర్చీలోంచి లేవకముందే అడిగేవాణ్ణి: ఇది దేనికోసం అండీ, ఇలా వస్తే ఏం చేస్తాం, అలా వస్తే ఏం చేస్తాం? విసుక్కుంటారేమో అనుకున్నాను గానీ, ఎక్కువమంది చెప్పారు. "నరాలకి ఒత్తిడి ఉందేమో చూద్దామని. ఉంటే ఫిజియోథెరపీ, మందులు. లేకపోతే ఆ అనుమానం కొట్టేస్తాం" అని ఒక్క మాట చెవిన పడితే చాలు, రాత్రిపూట బుర్ర అల్లే వంద కథలు రెండుకి దిగిపోతాయి. మన అసలు బెదురు ఆ పరీక్ష మీద కాదు, దాని వెనకాల ఏముందో తెలియకపోవడం మీద. మీరు రాసినదాంట్లో ఎమ్మారై ఎందుకో మీకెవరూ చెప్పినట్టు కనబడలేదు. ఫోను చేసైనా అది తెలుసుకోండి.

రిపోర్టు నార్మల్ అని వస్తే గాబరా పోతుందనుకుంటాం. పోదు. ఆ పూట హాయిగా అన్నం తింటాం, సాయంత్రానికి "మరి వీళ్లకి కనబడలేదేమో" అని మొదలవుతుంది. అప్పుడు ఇంకో డాక్టరు, ఇంకో స్కానింగు. దానికి అడ్డుకట్టగా ఒక డాక్టర్నే పట్టుకుని, కాగితాలన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టుకున్నాను. మొదటి కాగితం మాత్రం మందుల జాబితా. రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కూడా అందులో రాశాను. చివరికి ఆ లైనే పనికొచ్చింది. ఆ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గొచ్చట, బి12 తగ్గితే తిమ్మిర్లు రావచ్చట. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్‌తోనూ అంతే. జాబితా చూసి ఆయన బి12 రాశారు, తక్కువే వచ్చింది.

ఇంట్లోవాళ్ల సంగతి. రోజూ సాయంత్రమయ్యేసరికి అప్ప, చిన్నాన్న, ఫ్యాక్టరీ వాళ్లు వరసగా ఫోను. "ఏటన్నారు డాక్టరుగారు?" ప్రేమే, కాదనను. కానీ చెప్పిందే చెబుతుంటే ప్రతిసారీ గుండె దడ కొత్తగా మొదలయ్యేది. కబుర్లన్నీ మా బావకి అప్పగించాను. ఆయనకి ఫోను మాట్లాడ్డం సరదా, నాకు భయం, ఇద్దరికీ కుదిరింది. రిపోర్టులు కూడా ల్యాబు వాళ్లు ఆయన వాట్సాప్‌కే పంపేవారు. డాక్టరు దగ్గరికెళ్లేదాకా నేను చూడలేదు. రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ తెరిచి నెట్‌లో ఒక్కో మాటా వెతికే పని ఆయనకీ లేదు, ఆయనకి ఇంగ్లీషు రాదు.

గుండె దడ, తల తేలడం గురించి ఒక మాట. గాబరాలో తెలియకుండానే ఊపిరి పైపైన, గబగబా తీస్తాం. దాంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ల చివర్లలోనూ పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తేలిపోతుంది. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయపడతాం, ఊపిరి ఇంకా వేగం అవుతుంది. నాలుగు లెక్కపెట్టే దాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా మెల్లగా వదిలితే కొన్ని నిమిషాల్లో దిగుతుంది. మీ లక్షణాలన్నీ టెన్షనే అని నేననడం లేదు. ఆ మాట వినీ వినీ నాకూ ఒళ్లు మండేది. కానీ అసలు కారణం ఏదైనా, దాని మీద గాబరా తెచ్చిపెట్టే తిమ్మిరి ఇంకో పొర. ఆ పొర ఒక్కటే మన చేతిలో ఉంది.

ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు, అయస్కాంతంతో పని చేస్తుంది. కాబట్టి ఉంగరం, బెల్టు, వెండి మొలతాడు, తాయెత్తు, ఏటీఎం కార్డు, అన్నీ బయటే. ఒంట్లో పేస్‌మేకర్, స్టెంట్, ఎముకకి వేసిన రాడ్డు ఏదున్నా ముందే చెప్పాలి. గొట్టంలాంటిదాంట్లోకి జరుపుతారు, ధనధనమని చప్పుడు, చెవుల్లో పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఇస్తారు. చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెడతారు, నొక్కితే ఆపేస్తారు. లోపలికి జరగకముందే కళ్లు మూసుకోండి, అయిపోయేదాకా తెరవకండి. నేను పాసింజరు బండెక్కినట్టు మనసులో స్టేషన్లు చెప్పుకున్నాను. పలాస, పూండి, నౌపడ, కోటబొమ్మాళి... ఒక్కో స్టేషన్లో ఎవరు ఎక్కుతారో, ఏం అమ్ముతారో కూడా. పొందూరు దాటేసరికి బయటికి లాగారు. రిపోర్టులో "మైల్డ్ డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు కాస్త ఉబ్బడం) లాంటి మాటలుంటే కంగారుపడకండి. నొప్పీ బాధా లేనివాళ్ల వెన్నులోనూ అవి బాగా కనబడతాయి.

మా అమ్మ అరసవల్లి మొక్కుకుంది. నాకు పెద్ద నమ్మకం లేదు గానీ ఆదివారం తీసుకెళ్లాను. కొడుకు కోసం చేయడానికి ఆవిడకీ ఒక పని దొరికింది, ఆ రోజు ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు. దిష్టి తీస్తానంటే తీయించుకోండి. మందు మానేసి నాటువైద్యానికి రమ్మంటే మాత్రం కుదరదనండి.

కొన్నిటికి ఎదురుచూపు పనికిరాదు. ఒక పక్క చెయ్యీ కాలూ లాగేయడం, మూతి వంకరపోవడం, మాట తడబడడం, గుండెల్లో నొప్పి, స్పృహ తప్పడం, మూత్రం ఆగిపోవడం. వీటిలో ఏదొచ్చినా అప్పటికప్పుడు 108కి చేయండి. నిద్రే పట్టక పగలు పని కూడా సాగకపోతే మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోను సాయం, టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళయినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 నుంచి నడుస్తోంది. అక్కడికి ఫోను చేసినంత మాత్రాన మిమ్మల్ని ఎవరూ పిచ్చివాళ్ల కింద కట్టరు.

నా సంగతి అడిగితే, బి12 సూదులతో తిమ్మిర్లు నెమ్మదిగా తగ్గాయి. దడ ఎందుకొచ్చిందో ఎవరూ తేల్చలేదు, క్రమంగా అదే పోయింది. ఆఖరి రివ్యూలో "ఏమీ తేలకపోతే ఏం చేద్దామండీ?" అని అడిగాను. "ఆరు నెలలకి ఒకసారి కనబడు. నడకలో తేడా వచ్చినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా ఆగకుండా ముందే రా. అంతవరకూ కొత్త స్కాను ఏదీ వద్దు" అన్నారు. ఆ రెండు ముక్కలూ ఫైలు అట్ట మీద రాయించుకున్నాను. మీ డాక్టరు చేత కూడా అలాగే రాయించుకోండి.