షుగర్‌కు జొన్న రొట్టె ఒక్కటే చాలదు, కాంటా కూడా కావాలి

మీ ప్రశ్న ఇదీ: వయసు 41, బరువు 83 కిలోలు, కొత్తగా షుగర్ బయటపడింది. హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు, 8.2 వచ్చింది. డాక్టర్ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ రాశారు. మహబూబ్‌నగర్‌లో మీవాళ్లంతా ‘అన్నం బంద్ చేసి జొన్న రొట్టె తిను, గోలీలు అక్కర్లేదు’ అంటున్నారు. నిజమేనా అని అడిగారు.

సగం నిజం. ఏ సగమో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమస్తాను నేను. ఇరవై ఏళ్లు దాటింది. ధాన్యం బండి కాంటా ఎక్కాలి, తూకం రాయాలి, చీటీ ఇవ్వాలి, పొద్దంతా ఇదే పని. ఊరి ధాన్యమంతా తూచే నాకు నా కంచంలో ఎంత అన్నం పడుతోందో తెలియదు. 2021లో, 47 ఏళ్లప్పుడు, రాత్రి నాలుగైదుసార్లు లేవడం, నాలుక పిడచకట్టడం మొదలైంది. పరీక్ష చేయిస్తే పరగడుపున 212, హెచ్‌బీఏ1సీ 9.1. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 వస్తేనే షుగర్ కింద లెక్క, నేను ఎప్పుడో దాటేశాను. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 84, నడుము 102 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు నడుము 90 దాటకూడదట. నన్ను లావు అని ఎవరూ అన్లేదు. గుమస్తాకు పొట్ట ఉద్యోగంతో పాటే వస్తుంది కదా.

‘అన్నం ఎంత తింటారు?’ అని డాక్టర్ అడిగితే ‘కొంచెమే సార్’ అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగా అలాగే అనుకున్నాను. మిల్లులో శాంపిల్ బియ్యం తూచే చిన్న కాంటా ఉంటుంది, గ్రాముల్లో చూపిస్తుంది. ఆ ఆదివారం దాన్ని ఇంటికి పట్టుకొచ్చాను. రోజూలాగే వడ్డించమని మా ఇంటామెతో చెప్పి, పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, ఆఖరున పెరుగుతో ఒకసారి, కలపకముందే కంచాన్ని కాంటా మీద పెట్టి రాసుకున్నాను. ‘వడ్లు తూచింది చాలక అన్నం కూడా తూస్తున్నవా’ అని ఆమె నవ్వింది.

మధ్యాహ్నం ఒక్కపూటకే 520 గ్రాముల అన్నం. వంద గ్రాముల బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడింతలవుతుంది కాబట్టి అది 180 గ్రాముల బియ్యం అనుకోండి. రాత్రికి మళ్లీ అంతే. పొద్దున ఇడ్లీ, దోశల్లో ఇంకో 80. రోజుకు 440 గ్రాములు. వంద గ్రాముల బియ్యానికి 350 కేలరీలు వేసుకున్నా, బియ్యం నుంచే 1500 పైన. నెలకు 13 కిలోలు, అంటే 25 కిలోల బ్యాగును నేనొక్కణ్నే రెండు నెలల్లోపు ఖాళీ చేస్తున్నాను. రెండేసి చెంచాల చక్కెరతో ఐదు చాయ్‌లు వేరే లెక్క.

మా తాత ఇంత వరి అన్నం ఎరగడు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాకే మా వైపు పొలాలన్నీ వరి మళ్లయ్యాయి. అంతకుముందు ఇంట్లో జొన్న గటక, సజ్జ రొట్టె, అన్నమంటే పండుగకే. అందుకే ఆయనకు షుగర్ రాలేదని మావాళ్లు అంటారు. గటక ఆయనేం తక్కువ తినలేదు, పెద్ద ముద్దలే తిన్నాడు. కాకపోతే తిన్నది నాగలి వెంట కరిగించాడు. నేను తిన్నది కుర్చీలోనే ఉండిపోయింది.

జొన్న విషయానికొస్తే, వంద గ్రాముల జొన్నల్లో కూడా 330 కేలరీలకు పైనే ఉంటాయి. తేడా ఎక్కడంటే, పీచు బియ్యం కంటే చాలా ఎక్కువ, మాంసకృత్తులు కాస్త ఎక్కువ. తొందరగా కడుపు నిండుతుంది, షుగర్ నిదానంగా ఎక్కుతుంది. అంతేగానీ జొన్న మందు కాదు. నేను గ్లూకోమీటర్ కొని, తిన్న రెండు గంటలకు చూసుకున్నాను. మామూలు కంచం అన్నానికి 268. నాలుగు జొన్న రొట్టెలకు 221. రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు బీరకాయ కూర, రెండు కోడిగుడ్లకు 158. ఇవి నా ఒంటి లెక్కలు, మీకు వేరేగా రావచ్చు. కానీ నాలుగుకూ రెండుకూ ఉన్న తేడా చూశారు కదా.

తెలంగాణ సోనా గురించి కూడా అడుగుతారని ముందే చెప్తున్నా, మిల్లోణ్ని కాబట్టి నన్ను అందరూ అడుగుతారు. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే ఆ రకం మన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిదే, గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పే అంకె, 51 చుట్టూ ఉంటుందని చెప్తారు. మంచి బియ్యమే, నేనూ అదే తింటాను. అయితే ‘షుగర్ ఉన్నోళ్ల బియ్యం’ అని పేరు పడ్డాక జనం రెండో వడ్డన కూడా ధైర్యంగా వేయించుకుంటున్నారు.

ఇక బరువు. నన్నడిగితే అసలు సంగతి ఇదే. కాలేయంలో, క్లోమంలో కొవ్వు పేరుకోవడం వల్ల షుగర్‌ను దించే ఇన్సులిన్ పని చెడుతుందని, బరువు తగ్గితే ముందు ఆ కొవ్వే కరుగుతుందని నల్లగొండలో నన్ను చూసే డాక్టర్ బొమ్మ గీసి చెప్పారు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ అనే ప్రొఫెసర్ల బృందం చేసిన డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు మొదట్లోనే మందులు ఆపి, మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 850 కేలరీల చుట్టూ ఉండే ఆహారం ఇచ్చారు, వైద్యుల కనుసన్నల్లో. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలో 86 శాతం మందికి. రెండో ఏడాదికి ఆ 46 కాస్తా 36 అయింది, బరువు మళ్లీ పెరిగినవాళ్లకు షుగరూ తిరిగొచ్చింది. మీది కొత్తగా వచ్చిన షుగర్, పైగా 83 కిలోలున్నారు. కాబట్టి ఆశ ఉంది.

850 కేలరీలు నాలాంటివాడి వల్ల కాలేదు, ఇంట్లో సొంతంగా చేసేదీ కాదది. నేను చేసింది చిన్నదే. బియ్యాన్ని రోజుకు 100 గ్రాములకు దించాను, అది మధ్యాహ్నమే. రాత్రి రెండు జొన్న రొట్టెలు. పొద్దున ఇడ్లీ బదులు పెసర గుడాలో బబ్బెర గుడాలో, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి, నూనె ఒక్క చెంచా. కూర కంచంలో సగం ఉండాలి, ముందు అదే తినాలి, అన్నం ఆఖరున. పుంటికూర, గంగవాయిలి కూర పప్పు, సొరకాయ, దొండకాయ, ఏది దొరికితే అది. చాయ్ రెండే, చక్కెర లేకుండా. మొదటి పది రోజులు ఆ చాయ్ తాగుతుంటే ఏడుపొచ్చేది. తిన్న ప్రతిసారీ పదిహేను నిమిషాలు మిల్లు ఆవరణలో, ఊక కుప్పల పక్కనే, అటూ ఇటూ నడిచేవాణ్ని.

ఎనిమిది నెలల్లో 84 నుంచి 71కి వచ్చాను. మొదటి ఐదు కిలోలు గబగబా తగ్గాయి, తర్వాత రెండు నెలలు ముల్లు కదల్లేదు.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి, మీకు బాగా పనికొస్తుంది. నాకు మొదట మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపిన గోలీ రాశారు. గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. నేను డాక్టర్‌కు చెప్పకుండానే తిండి సగం చేశాను. ఒకరోజు గోలీ వేసుకుని, రాత్రీ పొద్దునా సల్లతో సరిపెట్టాను. పదకొండింటికి కాంటా దగ్గర చేతులు వణికాయి, అంగీ చెమటతో తడిసిపోయింది, చీటీ మీద అంకెలు రెండేసి కనిపించాయి. ‘సారూ, షుగర్ పడిపోయింది, మా అమ్మకూ గిట్లనే అయితది’ అని ఒక హమాలీ గుర్తుపట్టి, మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించాడు. కాస్త తేరుకున్నాక చూస్తే 61 ఉంది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం. తప్పు గోలీది కాదు, నాదే. తిండి తగ్గిస్తున్నామని ముందే చెప్తే డాక్టర్ ఆ గోలీ డోసు తగ్గించేవారు. మీకు రాసినట్టు మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా పడిపోవడం అరుదు. అయినా సరే, తిండి మార్చేముందు చెప్పండి, మీ అంతట మీరు గోలీ ఆపకండి.

2022 వేసవికి హెచ్‌బీఏ1సీ 6.1. గ్లిమెపిరైడ్ అప్పటికే తీసేశారు, తర్వాత మెట్‌ఫార్మిన్ కూడా. మందులు ఆపి మూడు నెలలైనా 6.5 లోపే ఉంటే దాన్ని ఉపశమనం అంటారు, నయమైపోవడం అనరు. ఆ తేడా నాకు మరుసటి ఏడాది తెలిసింది. మా అక్క బిడ్డ పెళ్లి, వెంటనే దసరా, వరసగా దావత్‌లు, బగారా అన్నం, మటన్, పైన డబుల్‌కా మీఠా. నాలుగు కిలోలు పెరిగాను, హెచ్‌బీఏ1సీ 6.8. డాక్టర్ మళ్లీ మెట్‌ఫార్మిన్ 500 పొద్దున ఒకటి పెట్టారు. ఇప్పుడు 72 కిలోలు, 6.2, ఆ ఒక్క గోలీతో. అది వేసుకోవడం నాకు నామోషీగా ఏం లేదు.

మీరైతే ముందు ఒక వారం ఏమీ మార్చకుండా తిన్నదంతా తూచి రాయండి, చాయ్‌తో సహా. ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి. కిడ్నీకి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, పాదాల పరీక్ష, కంటి రెటీనా పరీక్ష ఇప్పుడే చేయించండి, షుగర్ ఎన్నాళ్లుగా ఉందో మనకు తెలియదు కదా. కంటికి పోయేటప్పుడు మాత్రం బైకు తీసుకెళ్లకండి. చుక్కల మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. నేను బైకు ఆసుపత్రి దగ్గరే వదిలి బస్సెక్కి వచ్చాను.