ఆ "వచ్చింది" అన్న మాట గురించి

అమ్మాయ్,

నీ పోలియో వ్యాసం రెండుసార్లు చదివా. భాష బావుంది. కానీ మూడో పేరాలో "తజికిస్తాన్‌కి పోలియో ఇండియా నుంచి వచ్చిందని సీక్వెన్సింగ్ తేల్చేసింది" అన్నావు చూడు, అక్కడ చిరాకేసి ఫోన్ పక్కన పడేసి టీ పెట్టుకున్నా.

2010లో అక్కడ 450 మందికి పైగా పోలియో బారిన పడ్డారు, నిజమే. ల్యాబ్ ఆ సీక్వెన్సింగ్‌లో, అంటే వైరస్ జన్యువుల అక్షరాలు చదివి, చెప్పింది ఒక్కటే, ఆ వైరస్‌కి దగ్గరి చుట్టం ఉత్తరప్రదేశ్‌లో ఉందని. ఎవరి కడుపులో వెళ్లిందో, మధ్యలో ఎన్ని ఊళ్లు తిరిగిందో సీక్వెన్స్‌కేం తెలుసు? మా పెదనాన్న మనవడి ముక్కూ నా ముక్కూ ఒకటే, అంతమాత్రాన వాడు మా ఇంటి నుంచి వెళ్లాడంటారా?

అసలు పని ఎలా జరుగుతుందో ఒక్క లైన్లో తేల్చేశావు. వైరస్ జన్యువుల్లో సుమారు 7,500 అక్షరాలుంటే ల్యాబ్‌లో మామూలుగా చదివేది వీపీ1 అనే ముక్క, ఓ 900. కాపీ అయ్యేటప్పుడు తప్పులు దొర్లి ఏడాదికి నూటికి ఒకటి చొప్పున, అంటే తొమ్మిది దాకా మారిపోతాయి, ఆ తేడాలు లెక్కపెట్టి రెండు వైరస్‌లు ఎన్నాళ్ల కిందట విడిపోయాయో అంచనా వేస్తారు. ఒక్కోసారి దొరికిన దానికి దగ్గరి చుట్టమే కనపడదు, తేడా నూటికి ఒకటిన్నర దాటిపోతుంది, దాన్ని ఆర్ఫన్ వైరస్ అంటారు. అంటే అది ఏడాదికి పైగా ఎక్కడో తిరుగుతున్నా ఎవరి శాంపిల్‌కీ చిక్కలేదన్నమాట. ఎవరు చూడలేదు, ఎందుకు చూడలేదు? కథంతా అక్కడుంటే నువ్వేమో పేజీన్నర డిటెక్టివ్ గోల పెట్టావు. ఈమధ్య సైన్స్ రాసే ప్రతివాళ్లూ వైరస్‌కి పగా ప్రతీకారం తగిలించి సీరియల్ చేసేస్తున్నారు.

నాకూ ఓసారి తగిలిందిలే. 2016 ఏప్రిల్ 25న చుక్కల మందులోంచి టైప్ 2 అనే రకం పోలియో వైరస్‌ని (మందులో ఉండేది బలం తగ్గించిన వైరస్సేలే) తీసేశారా, కొన్ని వారాలకే అంబర్‌పేట మురుగునీటి శాంపిల్‌లో వ్యాక్సిన్ నుంచే పుట్టిన టైప్ 2 వైరస్ బయటపడింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకి ఇంజెక్షన్లు. ఒక్క పిల్లాడికీ జబ్బు రాలేదు, నేను రాసిందీ అదే. డెస్క్‌లో ఒకాయన "నగరంలో మళ్లీ పోలియో" అని హెడ్డింగ్ పెట్టేశాడు! అడిగితే "మురుగునీరంటే ఎవడు చదువుతాడండీ" అన్నాడు. పొద్దున్నే మా వీధిలో ఒకావిడ జ్వరంతో ఉన్న మనవణ్ణి ఎత్తుకుని మా గేటు దగ్గర నిలబడింది. ఆవిడకేం చెప్పాలో నాకు తోచలేదు.

ఇక నీ ఆఖరి పేజీ. 2022లో న్యూయార్క్ దగ్గర రాక్‌లాండ్ కౌంటీ కేసులో దొరికిన వైరస్‌కీ, లండన్, జెరూసలేం మురుగునీటిలో దొరికినవాటికీ చుట్టరికం ఉందని సరిగ్గానే రాశావు. మరి బొమ్మలో లండన్ నుంచి న్యూయార్క్‌కి ఆ బాణం గుర్తెవరిచ్చారు నీకు? అది చెరిపేసి మళ్లీ పంపు. కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.