రేసు బండి అడుగుతున్న కొడుకు: అల్లూరు తల్లికి జవాబు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువులే ఆధారం. మా అబ్బాయికి పదిహేడేళ్లు. నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. బైక్ రేసర్ అవుతానంటున్నాడు. గది గోడకు బైక్ రేసర్ మార్క్ మార్కెజ్ బొమ్మ అంటించుకున్నాడు. తెల్లవారుజామున స్నేహితుడి బండి మీద మైపాడు రోడ్డులో ప్రాక్టీసు చేస్తున్నాడని ఈమధ్యే తెలిసింది. రేసు బండి కొనివ్వకపోతే చదువు మానేస్తానని పట్టుబట్టాడు. వాళ్ల నాన్న వాడితో మాట్లాడడమే మానేశారు. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మైపాడు రోడ్డు సంగతి. మిగతావి నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం ఈరోజే ఆగాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు బండి నడుపుతూ పట్టుబడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద తల్లిదండ్రుల మీద గానీ బండి యజమాని మీద గానీ కేసు పడుతుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. రేసర్ కావాలనుకునే వాడికి ఇంతకంటే నష్టం ఏముంటుంది? చట్టం సంగతి అలా ఉంచినా, చేపల ఆటోలు, గేదెలు ఎదురొచ్చే రోడ్డు మీద వేగం నేర్చుకోవడం ప్రాణాలతో చెలగాటం. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు వెళతారు, మలుపు మలుపుకూ ప్రమాదం ఉంటే జెండా ఊపి హెచ్చరించే మార్షల్ ఉంటాడు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది.

అంత ఏర్పాటు ఉన్నచోట కూడా ప్రాణాలు పోతాయి. 2023 ఆగస్టులో చెన్నై ట్రాక్ మీద జాతీయ పోటీల్లో పదమూడేళ్ల బెంగళూరు బాలుడు పడిపోయి చనిపోయాడు. ఈ మాట రాయడానికి నాకు చేయి రాలేదు. కానీ రేపు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాల్సింది మీరు, తెలిసి పెట్టాలి.

అలాగని మీ అబ్బాయి కోరికను తీసిపారేయను. గోడ మీద ఉన్న మనిషి కథే వాడి చేత చెప్పించండి. మార్కెజ్ 2019 నాటికి, బైక్ రేసుల్లో అన్నిటికంటే పై స్థాయి అయిన మోటోజీపీలో ఆరుసార్లు ప్రపంచ విజేత. 2020 జులైలో స్పెయిన్‌లో పడి కుడిచేయి ఎముక విరిగింది. ఆ ఒక్క చేతికే నాలుగు శస్త్రచికిత్సలు. మధ్యలో ఒకటి రెండుగా కనిపించే కంటి సమస్య. 2021 అక్టోబరులో ఒక పందెం గెలిచాక మళ్లీ గెలవడానికి 1,043 రోజులు పట్టింది. తన పదకొండేళ్ల జట్టు హోండాను వదిలి, చిన్న జట్టులో అంతకుముందు ఏడాది మోడల్ బండి ఎక్కాడు. 2025 సెప్టెంబరు 28న జపాన్‌లో ఏడోసారి విజేతయ్యాడు. సరిగ్గా వారం తిరిగేసరికి ఇండోనేషియాలో మరో బండి వెనకనుంచి తగిలి పడ్డాడు. భుజం దెబ్బతిని, ఆ ఏడాది మిగిలిన పందేలన్నీ పోయాయి. కేరళ కుర్రాడు హరిత్ నోవాను చూడండి. ఎడారుల్లో రోజుల తరబడి సాగే డాకర్ ర్యాలీలో 2024లో తన విభాగంలో మొదటి స్థానం సాధించాడు. మరుసటి జనవరిలో అదే ర్యాలీలో, అసలు దశలు మొదలుకాకముందే, ప్రోలాగ్ అనే తొలి చిన్న పరుగులో పడి మణికట్టు విరిగింది. ఒక గెలుపుకూ మరో గెలుపుకూ నడుమ ఈ రోజులు వాళ్లకు ఎలా గడిచాయో మీ అబ్బాయి చెప్పగలిగితే వాడు ఈ వృత్తిని చూస్తున్నాడని అర్థం. గెలుపులు మాత్రమే చెబితే, ఇంకా బండినే చూస్తున్నాడు.

ఈ ఎగుడుదిగుళ్లు మీకు కొత్తవి కావు. ఒక పంటకు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క), రేటు రెండూ కలిసొచ్చి అప్పులు తీరతాయి. తరువాతి పంటకు నలభయ్యో రోజున తెల్లమచ్చ తెగులు కనబడుతుంది. సీడు (రొయ్య పిల్లలు), మేత, నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు అంతా నీళ్లపాలు. అయినా చెరువు ఎండగట్టి, సున్నం చల్లి మళ్లీ సీడు వదులుతారు. ఒక పంట పోయినా పొయ్యి వెలిగే ఏర్పాటు ఇంట్లో ఏదో ఉండబట్టే ఆ ధైర్యం. రేసర్‌కు చదువు అలాంటి ఏర్పాటు. చదువు మానేసి రేసింగ్‌లోకి దిగుతానంటే నేను ఒప్పుకోను.

ఇక డబ్బు. మన దేశంలో కంపెనీ జట్టులో చోటు దొరికి జీతం అందుకునే రైడర్లు బహు కొద్దిమంది. మిగతావాళ్లు ఎదురు డబ్బు పెట్టి పోటీ చేస్తారు. టైర్లు, లెదర్ సూటు, హెల్మెట్, ప్రవేశ రుసుము, మెకానిక్ కూలి, ట్రాకులున్న చెన్నై, కోయంబత్తూరులకు ప్రయాణాలు. అందుకే రేసు బండి కొనవద్దు. టీవీఎస్ లాంటి కంపెనీలు వన్ మేక్ పోటీలు నడుపుతాయి. అందరికీ ఒకే రకం బండి, అదీ కంపెనీదే. ఎంపికలో ల్యాప్ సమయం (ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం), ఒంటి దారుఢ్యం చూస్తారు. దాన్ని లక్ష్యంగా పెట్టుకోమనండి. ఖర్చుకు ముందే ఒక హద్దు గీసి, రెండు సీజన్లకు ఇంతే అని కాగితం మీద రాసుకోండి. చెరువు మీద అప్పు మాత్రం తేవద్దు. మీ ఆరోగ్య బీమా పాలసీ కూడా ఒకసారి తీసి చదవండి. సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొని దెబ్బతింటే చికిత్స ఖర్చు రాదని మినహాయింపుల్లో ఉంటుంది, మోటార్ రేసింగ్ పేరు అందులో విడిగా కనబడుతుంది. దానికి వేరే ప్రమాద బీమా చూసుకోకుండా ట్రాక్ మీదకు పంపకండి.

ముందు ఇంటర్ పరీక్షలు రాయనివ్వండి. మెకానికల్ గానీ ఆటోమొబైల్ గానీ చెన్నై చుట్టుపక్కల కాలేజీలో చేరితే ట్రాక్ దగ్గరవుతుంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉన్నది శ్రీపెరుంబుదూరు పక్కనే. రాయల్ ఎన్‌ఫీల్డ్, యమహా కర్మాగారాలున్నదీ ఆ ప్రాంతంలోనే. బండ్లను పరీక్షించే టెస్ట్ రైడర్, సస్పెన్షన్ సరిచేసే ఇంజినీర్, రేసు జట్టు మెకానిక్, శిక్షకుడు: రేసింగ్‌లో నలిగిన చేతులకు ఈ పనులన్నిటిలో విలువ ఉంది.

ఒకసారి ఒంగోలు నుంచి ఒక విద్యార్థి తండ్రితో కలిసి ఆ ట్రాక్‌కు వెళ్లాను. వాళ్ల అబ్బాయి మలుపులో పడి, బండి తోసుకుంటూ వచ్చాడు. సూటు కుడి మోచేతి దగ్గర తోలు అరిగి లోపలి గుడ్డ కనిపిస్తోంది. మెకానిక్ వంగిపోయిన బ్రేకు లివరు విప్పి కొత్తది బిగిస్తుంటే, ఆ పిల్లవాడు కింద కూర్చుని పొడుగు నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు: ఎన్నో ల్యాపు, ఎంత సమయం, ఏ మలుపులో ఏ గేరు, ఎక్కడ తప్పాడు. తండ్రి నీళ్ల సీసా అందించి, "నొప్పిగా ఉందా?" అని మాత్రం అడిగాడు. మరుసటి పందెంలో పదమూడో స్థానం. ఆ సంఖ్య కూడా అదే పుస్తకంలో, అదే అక్షరాలతో రాశాడు.

మీరు కూడా పరీక్షలయ్యాక మీ అబ్బాయిని ఒక ఆదివారం పందేలకు తీసుకువెళ్లండి. నెల్లూరు నుంచి రైలెక్కితే చెన్నై మూడు గంటలు. ప్రేక్షకుల గ్యాలరీలో కాకుండా, అనుమతి అడిగి, బండ్లు సరిచేసుకునే పిట్ వెనక వైపు నిలబడండి. ఓడి వచ్చిన పిల్లలతోనూ, వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడండి. మీవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. చెరువు ఒక్కరోజుకు కాపలా మనిషికి అప్పగించవచ్చు. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని వెళ్లాల్సిన ప్రయాణం ఇది.