టెక్ సందేహాలు: పడవ మోటారు బ్యాటరీని ఛార్జ్ చేయడం లేదా?

ప్రశ్న: మా పడవకు సెల్ఫ్ స్టార్ట్ ఉన్న ఔట్‌బోర్డ్ మోటారు ఉంది. కొత్త బ్యాటరీ వేసినా రెండు మూడు ట్రిప్పులకే దిగిపోతోంది. ఫిష్ ఫైండర్, లైట్లు దాని మీదే నడుస్తాయి. ఆర్‌పీఎం మీటరు ముల్లు కూడా ఉండుండి సున్నాకి పడిపోతోంది. స్టేటర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్ట) ఖరీదైనది, పైగా ఫ్లైవీల్ (ఇంజిన్ మీద తిరిగే బరువైన చక్రం) ఊడదీస్తే గానీ చేతికందదు. ముందు మల్టీమీటర్ పట్టుకోండి.

మోటారు ఆపిన కొన్ని గంటలకు బ్యాటరీ వోల్టేజీ చూడండి. లెడ్ యాసిడ్ రకమైతే 12.6 దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. తర్వాత మోటారు నడుపుతూ కొలవండి. పడవ నీళ్లలో ఉండగానే సుమా! నీళ్లందకపోతే ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, నిమిషాల్లో పాడవుతుంది. థ్రాటిల్ పెంచి 2000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 దాకా వస్తే ఛార్జింగ్ బాగున్నట్టే. 12.5 దగ్గరే ఉండిపోతే ఛార్జ్ అందడం లేదు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడినట్టే, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఛార్జ్ అందకపోతే టెర్మినళ్లు చూడండి. రెక్కల నట్లు ఇంజిన్ అదురుకు వదులవుతాయి. తీసేసి స్పానర్‌తో బిగించే మామూలు నట్లు వేయండి. పచ్చగా పట్టిన చిలుము గీకేయండి. ఫ్యూజు చూడండి.

ఇక అసలు పరీక్ష. మోటారు నడుస్తుండగానే (చేతులు, బట్టలు ఫ్లైవీల్‌కు దూరంగా పెట్టుకుని) రెక్టిఫయర్ (స్టేటర్ ఇచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేది) నుంచి బయటికొచ్చే ఎర్ర వైరు దగ్గర ఒకసారి, బ్యాటరీ ప్లస్ దగ్గర ఒకసారి కొలవండి. రెక్టిఫయర్ దగ్గర 14.4 ఉండి బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే కరెంటు దారిలోనే పోతోంది: తుప్పు పట్టిన కనెక్టరో, కాలిన ఫ్యూజో. అలాంటప్పుడు ఎన్ని స్టేటర్లు మార్చినా లాభం లేదు.

రెండు చోట్లా తక్కువే ఉంటే అప్పుడు స్టేటర్, రెక్టిఫయర్‌ల వంతు. మీ ఉత్తరంలో ఆర్‌పీఎం మీటరు మాటే నాకు పనికొచ్చింది. చాలా మోటార్లలో ఆ మీటరుకు సంకేతం స్టేటర్‌లోని ఛార్జింగ్ కాయిల్ నుంచే వెళుతుంది. కాబట్టి తప్పు బ్యాటరీలో కన్నా స్టేటర్, రెక్టిఫయర్, వాటి మధ్య వైర్లలో ఉండే అవకాశం ఎక్కువ. మోటారు ఆపి, రెక్టిఫయర్ వైర్లు విడదీసి, మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో చూడండి (డయోడ్ అంటే రెక్టిఫయర్‌లో కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం). ఒక వైపు సుమారు అర వోల్టు చూపి, తిప్పిపెడితే ఏమీ చూపకూడదు. రెండు వైపులా ఒకేలా ఉంటే డయోడ్ పోయింది. స్టేటర్ రెసిస్టెన్స్ విలువలు మోడల్‌ను బట్టి మారతాయి, సర్వీస్ మాన్యువల్‌తో పోల్చండి.

అన్నీ సరిగ్గానే ఉంటే వాడకం లెక్కేయండి. 4 ఆంపియర్లు 5 గంటలు వాడితే 20 ఆంపియర్ అవర్లు ఖర్చు. ఐడిల్‌లో చిన్న మోటార్లు ఇచ్చేది చాలా తక్కువ, ఆ లోటు పూడదు.

ప్రశ్న: ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ కేబుల్ పీకేసి, ఆగిపోతుందో లేదో చూస్తే ఛార్జింగ్ సంగతి తెలుస్తుందట కదా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. లోడు ఒక్కసారిగా తెగగానే వోల్టేజీ ఎగదన్ని రెక్టిఫయర్ డయోడ్లను కాల్చేయగలదు. బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేసినా అదే ముప్పు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ ఎగిరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.