లెన్స్‌ను ముట్టుకునే ముందు

ప్రశ్న: నేను పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తుంటాను. గత నెల ఒక హల్దీ వేడుకలో నూనె, శనగపిండి కలిపిన పసుపు చిమ్మినప్పుడు కొన్ని చుక్కలు నా లెన్స్ ముందు అద్దం మీద పడ్డాయి. కంగారులో జేబురుమాలు తడిపి తుడిచాను. ఇంటికి వచ్చాక గాయాలకు వాడే స్పిరిట్‌తో మరోసారి తుడిచాను. ఇప్పుడు లైటు కింద పెట్టి చూస్తే అద్దం మీద ఇంద్రధనుస్సు రంగుల మరకలు కనబడుతున్నాయి. అద్దం మీది కోటింగ్ (పలచటి పూత) పోయినట్టేనా? ఇకమీదట ఇలా జరిగితే ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే కోటింగ్ పోలేదనే అనిపిస్తోంది. వాన వెలిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే ఏ రంగులు కనబడతాయో, అద్దం మీద పలచటి నూనెపొర మిగిలినా అవే రంగులు కనబడతాయి. నిర్ధారించుకోవాలంటే గదిలో ట్యూబ్‌లైటు వెలిగించి, దాని ప్రతిబింబం లెన్స్ ముందు అద్దంలో పడేలా లెన్స్‌ను మెల్లగా వంచి చూడండి. కోటింగ్ క్షేమంగా ఉన్న చోట ఆ ప్రతిబింబం మసకగా, ఆకుపచ్చ గానీ ఊదా గానీ రంగు అంటుకున్నట్టు కనిపిస్తుంది. కోటింగ్ లేచిపోయిన చోట ఆ రంగు ఉండదు, ట్యూబ్‌లైటు తెల్లగా, కొట్టొచ్చినట్టు మెరుస్తుంది. అలాంటి తెల్లటి మచ్చ లేకపోతే మీరు దిగులు పడవలసిన పని లేదు.

ఆ పూత విలువేమిటో తెలిస్తే దానిపట్ల జాగ్రత్త దానంతట అదే వస్తుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. పూత లేని అద్దపు ఒక్కో ఉపరితలం తన మీద పడిన వెలుగులో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొట్టేస్తుంది. ఒక్క అద్దానికి ఇది పెద్ద నష్టం కాదు గానీ, 15 అద్దాలున్న జూమ్ లెన్స్‌లో వెలుగు 30 ఉపరితలాలను దాటవలసి వస్తే చివరికి లోపలికి చేరేది మూడో వంతు కన్నా తక్కువే. తిరిగి వెళ్ళిన వెలుగు అద్దాల మధ్యే తిరుగుతూ ఫొటోను వెలవెలబోయేలా చేస్తుంది. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో పనిచేస్తున్న స్మకులా అనే భౌతిక శాస్త్రవేత్త దీనికి పరిష్కారంగా అద్దం మీద పలచటి పూత వేసే పద్ధతికి పేటెంట్ పొందారు. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత ఒక్క వరుస వేస్తే దాని మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు దరిదాపు. ఇప్పటి లెన్స్‌ల మీద ఇటువంటివి అనేక వరుసలు ఉంటాయి.

ఇంత పలచనిదైనా నేటి పూత సున్నితమైనది కాదు. శుభ్రమైన గుడ్డకూ, సరైన ద్రవానికీ అది లొంగదు. తుడిచేటప్పుడు దానికి ప్రాణాంతకమైనది పొడి ఇసుక రేణువు. మన హైదరాబాద్ నిలబడి ఉన్నదే గ్రానైట్ రాయి మీద. ఎక్కడ పునాది తవ్వినా, ఎక్కడ బండ పగలగొట్టినా అందులోని క్వార్ట్జ్ పొడి గాలిలో లేస్తుంది. మోస్ కొలమానం మీద క్వార్ట్జ్ గట్టిదనం 7, మామూలు అద్దం గట్టిదనం సుమారు 5.5. కాబట్టి ఊదకుండా, దులపకుండా నేరుగా గుడ్డ పెట్టి తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. చాలా ఏళ్ళ క్రితం నాంపల్లి నుమాయిష్‌లో, జనం కాళ్ళ కింద దుమ్ము లేస్తున్న ఒక జనవరి సాయంత్రం, తొందరలో చొక్కా అంచుతో నా 50 ఎంఎం లెన్స్ తుడిచాను. ఈ రోజుకీ దాని మీద టార్చి వేస్తే గుండ్రంగా తిరిగిన సన్నని గీతలు సాలెగూడు పోగుల్లా మెరుస్తాయి. మామూలు ఫొటోల్లో వాటి జాడ తెలియదు గానీ, ఎదురుగా దీపం ఉందంటే చాలు, చుట్టూ పొగ కమ్ముకున్నట్టు వస్తుంది.

ఇక మీ మరకల సంగతి. ముందు లెన్స్‌ను నేలవైపు తిప్పి పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో పదిసార్లైనా గాలి కొట్టండి. కిందికి తిప్పడం ఎందుకంటే లేచిన దుమ్ము మళ్ళీ అద్దం మీదే వాలకుండా ఉండటానికి. అప్పటికీ కదలని రేణువులుంటే, వేలు తగలని మెత్తటి బ్రష్‌తో, బరువు వేయకుండా అంచు బయటికి తోసెయ్యండి. ఆ తరువాతే ద్రవం. శుద్ధమైన 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, పేరున్న లెన్స్ క్లీనర్ గానీ రెండు చుక్కలు లెన్స్ టిష్యూ మీద వేసుకోండి. అద్దం మీద నేరుగా ఎప్పుడూ వెయ్యవద్దు, ఎందుకంటే ద్రవం అంచున ఉన్న సన్నని సందులోంచి లోపలికి పాకిపోతే దాన్ని బయటికి తీయడం మన చేతుల్లో ఉండదు. మధ్య నుంచి మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుకుంటూ అంచుకు రండి. ఒకసారి అద్దాన్ని తాకిన టిష్యూ భాగాన్ని రెండోసారి తాకించకండి. నూనె మరకకు రెండు మూడు టిష్యూలు పట్టవచ్చు, పట్టనివ్వండి.

మీరు వాడిన స్పిరిట్‌లో ఆల్కహాల్‌తో పాటు ఇతర పదార్థాలు కలిపి ఉండవచ్చు. ఆల్కహాల్ ఆరిపోయాక అవి పొరగా మిగిలిపోతాయి. మీ మరకల్లో సగం దాని పుణ్యమే అయి ఉంటుంది. తడి జేబురుమాలు ఎందుకు పనిచేయలేదంటే, పసుపులోని రంగు పదార్థం నీటిలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. నీళ్ళు దాన్ని పులుముతాయి తప్ప తీయవు. మళ్ళీ ఎప్పుడైనా పసుపు పడితే అక్కడికక్కడ తుడవకండి. టిష్యూ కొసను చుక్కకు ఆనించి, నూనెనూ పిండినీ అది పీల్చుకోనిచ్చి, మిగతా పని ఇంటికి వచ్చి నిదానంగా చేసుకోండి. అన్నిటికన్నా మంచిది, హల్దీకీ హోలీకీ బోనాల ఊరేగింపుకీ వెళ్ళేటప్పుడు లెన్స్ ముందు ఒక మంచి ఫిల్టర్ (అడ్డుగా బిగించే పారదర్శకమైన అద్దం), దాని మీద హుడ్ (గొట్టంలాంటి అడ్డు) బిగించుకుని వెళ్ళడం. రాత్రిపూట మండపంలో వరుస దీపాలకు ఎదురుగా తీసేటప్పుడు మాత్రం ఫిల్టర్ తీసెయ్యండి, లేకపోతే దాని ప్రతిబింబాలు ఫొటోలోకి వస్తాయి.

ప్రశ్న: కళ్ళద్దాల స్ప్రే, చేతుల శానిటైజర్, కంప్యూటర్లకు వాడే గాలి డబ్బా, లెన్స్ పెన్ (కొసన మెత్త ఉండే, లెన్స్ తుడిచే పెన్ను): వీటిలో ఏది వాడవచ్చు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: శానిటైజర్ వద్దే వద్దు. చర్మం ఎండిపోకుండా అందులో కలిపే గ్లిసరిన్ అద్దం మీద జిడ్డుగా నిలుస్తుంది. కిటికీ అద్దాలకు వాడే అమ్మోనియా ద్రవాలూ, గోళ్ళరంగు తీసే ఎసిటోనూ అంతే. ఎసిటోన్ లెన్స్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నూ పెయింట్‌నూ కరిగించేస్తుంది. కళ్ళద్దాల స్ప్రే సీసా మీద కెమెరా లెన్స్‌లకు కూడా పనికివస్తుందని రాసి ఉంటేనే వాడండి. గాలి డబ్బాను వంచితే అందులోని ద్రవం మంచులా చల్లగా అద్దం మీదికి చిమ్ముతుంది, కాబట్టి 200 రూపాయల రబ్బరు బ్లోయరే మేలు. లెన్స్ పెన్ వేలిముద్రకు చక్కగా పనిచేస్తుంది, అయితే ముందు గాలి కొట్టి ఇసుక పోయిందని చూసుకున్నాకే వాడాలి. దాని మెత్తలో ఒక్క రేణువు ఇరుక్కున్నా తరువాత ప్రతి రుద్దుకీ అది గీత పెడుతూనే ఉంటుంది. మైక్రోఫైబర్ గుడ్డను సబ్బునీళ్ళలో ఉతికి నీడన ఆరేసుకోండి. బట్టలు మెత్తబడటానికి పోసే ద్రవంలో మాత్రం ముంచకండి, అది గుడ్డలో నిలిచి అద్దానికి అంటుకుంటుంది. అద్దం మీద నాలుగు దుమ్ము చుక్కలున్నంత మాత్రాన ఫొటోకు ఏమీ కాదనీ, రోజూ తుడవడం అనవసరమనీ కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత లెన్స్ బీరువాలో తోలు సంచీలో ఇరవై ఏళ్ళుగా ఉంది. లోపలి అద్దం మీద తెల్లటి పోగుల్లాంటివి పాకాయి. ఇంట్లో శుభ్రం చేసుకోవచ్చా? ఎండలో పెడితే పోతుందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, పద్మారావునగర్

జవాబు: అది బూజు, లోపలి అద్దం మీద ఉంది కనుక పైనుంచి ఎంత తుడిచినా అందదు. దయచేసి మీరు విప్పవద్దు. అద్దాల మధ్య దూరం వెంట్రుకవాసి మారినా ఫొటో పదును పోతుంది. అనుభవమున్న మరమ్మతుదారు విప్పి శుభ్రం చేయగలరు. కానీ బూజు వదిలే ఆమ్లం ఇప్పటికే పూతను, దాని కింది అద్దాన్ని తిని ఉంటే, పోగులు పోయినా వాటి అచ్చు మిగులుతుంది. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ విషయం ఆయననే స్పష్టంగా అడగండి. ఎండలో పెడితే బూజు పెరుగుదల ఆగవచ్చునేమో గానీ పట్టిన మరక పోదు. పైగా మూత తీసిన లెన్స్ ఎండను ఒకచోటికి చేర్చి దగ్గరున్న గుడ్డనో కాగితాన్నో అంటించగలదు.

లెన్స్ తిరిగి వచ్చాక మళ్ళీ తోలు సంచీలో పెట్టకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, బూజుకు తిండి కూడా అవుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ (తేమను పీల్చే గింజలు) పొట్లాలు, తేమను చూపే చిన్న మీటరు వేసి ఉంచండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ఊళ్ళో వారానికొకసారి చూసుకోవాలి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారాయంటే తేమతో నిండిపోయాయని అర్థం, వాటిని వేడిచేసి రంగు తిరిగి వచ్చాక మళ్ళీ వాడుకోవచ్చు. నెలకొకసారైనా లెన్స్ బయటికి తీసి, వెనుకనుంచి టార్చి వేసి చూసి, నాలుగు ఫొటోలు తీయండి.