బీపీ, షుగర్ ఉంటే మైగ్రేన్‌కి సుమట్రిప్టాన్ వేసుకోవచ్చా?

అన్నా, మీకు 48 ఏళ్ళు, బీపీ, షుగర్, పైగా సిగరెట్, నాన్నగారికి గుండెపోటు వచ్చిందన్నారు, మెడికల్ షాపులో ఇచ్చిన సుమట్రిప్టాన్ వేసుకోవచ్చా అని అడిగారు. డాక్టర్‌కి చూపించేదాకా వద్దు.

ఆ మాత్ర తలలోని రక్తనాళాల్ని బిగిస్తుంది, కానీ ఆ బిగింపు గుండె నాళాల్లో కూడా కొంత జరుగుతుంది కాబట్టి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళకి, బీపీ అదుపులో లేనివాళ్ళకి దాన్ని ఇవ్వరు. మీలా జబ్బు బయటపడకపోయినా రిస్కులు ఎక్కువున్నవాళ్ళకి ముందు గుండె పరీక్షలు చేస్తారు, అన్నీ బాగుంటే ఒక్కోసారి మొదటి మాత్ర డాక్టర్ ఎదుటే వేయించి ఈసీజీ తీస్తారు. పోనీ వాసోగ్రెయిన్ వేసుకుందాం అనుకోకండి, అందులో ఎర్గోటమైన్ ఉంటుంది, అదీ నాళాల్ని బిగించేదే. మా మేనమామ దాన్ని ఏళ్ళ తరబడి టీతో పాటు మింగేవాడు, స్టెంట్ వేశాక గానీ ఏ డాక్టరూ ఆ స్ట్రిప్ చూడలేదు!

డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా బీపీ పెంచుతాయి, ఊరికే వాడొద్దు. లివర్ బాగుంటే ప్రస్తుతానికి పారాసిటమాల్ చాలు, అదీ నెలలో 15 రోజులకి చేరితే మందే తలనొప్పి తెప్పిస్తుంది. నాళాల్ని బిగించని మైగ్రేన్ మాత్ర లాస్మిడిటాన్ గురించి న్యూరాలజిస్టుని అడగండి, కానీ అది వేసుకున్నాక 8 గంటలు బండి తీయకూడదు. నొప్పి తరచూ వస్తుంటే ప్రొప్రనొలాల్ అటు బీపీకి, ఇటు మైగ్రేన్ రాకుండా ఉండటానికి పనికొస్తుంది, ఆస్తమా ఉంటే మాత్రం కాదు.

ఇప్పటికే ఒకటి వేసేసుకుని ఛాతీ పట్టేసినట్టు ఉంటే గ్యాసేలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఇంతకీ నెలకి ఎన్నిసార్లు వస్తోంది, మొన్న బీపీ ఎంత చూపించింది?